స్వస్థుడెవ్వడు?

పూర్వము తెలుగువారి ఇండ్లలో ఉత్తరము వ్రాయుటకు ఒక క్రమము ఉండెడిది. కార్డు పైభాగమున 'శ్రీరామ' అని చుట్టి, 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టి, 'ఇక్కడ మేమందరము క్షేమము, మీ క్షేమ సమాచారములు తెలియజేయగలరు' అని ఒక వాక్యము వ్రాసిన పిమ్మటనే అసలు సంగతికి వచ్చెడివారు. విచిత్రమేమనగా, అదే కార్డులో నాలుగు పంక్తుల క్రింద 'నాన్నగారికి పక్షవాతము వచ్చినది మొదలు కుడిచేయి పనిచేయుట లేదు, అమ్మకు చూపు మందగించినది' అని కూడ ఉండెడిది. పై వాక్యము అబద్ధము కాదు, క్రింది వాక్యమూ అబద్ధము కాదు. చదివినవారెవ్వరూ ఈ రెంటికీ పొసగదని తప్పు పట్టలేదు. క్షేమమనునది దేహములోని కొరతలను కూడి, తీసివేసి తేల్చు లెక్క కాదని ఆ కార్డు వ్రాసిన చేతికి తెలిసియే ఉండవలెను.

సంస్కృతమున ఆరోగ్యవంతునికి స్వస్థుడని పేరు. 'స్వ' అనగా తాను. 'స్థ' అనగా నిలిచినవాడు. తనయందు తాను నిలిచియున్నవాడు స్వస్థుడు. సుశ్రుతసంహిత స్వస్థుని లక్షణము చెప్పుచు దోషములు, అగ్ని, ధాతువులు, మలక్రియలు సమముగా నుండవలెనని చెప్పి అంతటితో ఆగలేదు. ఆత్మ, ఇంద్రియములు, మనస్సు ప్రసన్నముగా నుండవలెనని కూడ చేర్చినది. మొదటి సగమును వైద్యుడు నాడి పట్టి చెప్పగలడు. రెండవ సగమును రోగి తానే చెప్పవలెను, వేరొకరు చెప్పుటకు వీలు లేదు. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి సైతము ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, శారీరక, మానసిక, సామాజిక క్షేమము సంపూర్ణముగా నుండుట యనియు నిర్వచించినది. 'సంపూర్ణముగా' అను ఆ ఒక్కమాట వలన లోకములో ఆరోగ్యవంతులే మిగులకుండ పోయిరనుట వేరు సంగతి.

'మొత్తముమీద మీ ఆరోగ్యము ఎట్లున్నది? చాల బాగున్నదా, బాగున్నదా, ఒకమోస్తరుగా నున్నదా, బాగుగా లేదా?' అను ఒక్క ప్రశ్నను ఆధునిక పరిశోధకులు లక్షలాది మందిని అడిగి చూచిరి. వినుటకు ఇది వీధి అరుగుమీది పలకరింపు వలె నుండును. కాని 1982లో కెనడాలోని మానిటోబా వృద్ధులను గూర్చి మాసీ, షాపిరో అను ఇరువురు పరిశోధకులు ప్రకటించిన వ్యాసము ఒక వింత విషయము బయటపెట్టినది. 'బాగుగా లేదు' అని చెప్పినవారు, వైద్యుల లెక్కలలో వారి వ్యాధులు ఎట్లున్నను, 'చాల బాగున్నది' అనినవారికంటె ముందుగా మరణించుట ఎక్కువగా కనబడినది. తరువాత 1997లో ఇడ్లర్, బెన్యమిని అనువారు అట్టి 27 అధ్యయనములను ఒకచోట చేర్చి చూడగా, వానిలో అధిక భాగము ఇదే మాట చెప్పినవి. కనుక మనిషి తన దేహమును గూర్చి పలుకు మాట పైపై మాట కాదు. వైద్యుని పరికరమునకు అందనిదేదో ఆ మాటకు అందుచున్నది.

అయినను ఆ మాటను ఉన్నదున్నట్లు నమ్మవచ్చునా? 2002లో అమర్త్యసేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసిన చిన్న వ్యాసము ఇచట స్మరింపదగినది. మన దేశములో ఆయుర్దాయము మిక్కిలి ఎక్కువగానున్న కేరళలో ప్రజలు తమకు జబ్బులున్నవని చెప్పుకొనుట ఎక్కువ. ఆయుర్దాయము తక్కువగానున్న బీహారులో చెప్పుకొనుట తక్కువ. చదువు, ఆసుపత్రి అందుబాటులోనున్నవాడు తన నలతను గుర్తించును. నలతయే జీవితమైనవాడు దానికి పేరు కూడ పెట్టడు. కావున 'బాగున్నాను' అను మాట వెనుక నిజమైన స్వస్థత ఉండవచ్చును, వేరొక గతి ఎరుగని నిస్సహాయతయు ఉండవచ్చును. రెండును ఒకే గొంతుతో పలుకును.

ఈ సందేహము వికలాంగుల విషయమున మరింత చిక్కుపడుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో ఏ ఒక్కరిని చూచినను దారిన పోవువాడు 'అయ్యో పాపము' అనును. కాని 1999లో ఆల్బ్రెక్ట్, డెవ్లీగర్ అను పరిశోధకులు తీవ్రమైన వైకల్యము గలవారితో కూర్చుండి మాటలాడగా, వారిలో సగముకంటె ఎక్కువమంది తమ జీవితము బాగుగానో, చాల బాగుగానో ఉన్నదని చెప్పిరి. దీనికి వారు వైకల్య వైచిత్ర్యమను అర్థము వచ్చు పేరు పెట్టిరి. వైచిత్ర్యము ఎవరికి? అనుభవించువానికి లేదు, చూచువానికే ఉన్నది. రెండు కాళ్ళున్నవాడు కాళ్ళు లేనివానిని చూచినపుడు, తన కాళ్ళు ఈ క్షణమున పోయినట్లు ఊహించుకొనుచున్నాడు. ఆ ఊహలో పోగొట్టుకొన్న మొదటి దినపు దుఃఖము మాత్రమే ఉన్నది, దాని తరువాత గడచిన ఇరువది సంవత్సరములు లేవు. ఆ ఇరువది సంవత్సరములలో ఆ మనిషి చక్రముల కుర్చీ త్రిప్పుట నేర్చెను, పెండ్లియాడెను, బిడ్డలకు చదువు చెప్పించెను, ఏకాదశికి ఉపవాసముండెను. చూచువాని ఊహకు ఇవియేవీ అందవు.

ఆ సంభాషణలలో వేరొక సంగతియు తేలినది. తమ జీవితము బాగుగా లేదని చెప్పినవారు ఎక్కువగా చెప్పుకొన్నది అంగము లేదని కాదు. నొప్పిని, అలసటను, దేహము తమ అదుపు తప్పుటను వారు చెప్పుకొనిరి. అనగా వైకల్యము వేరు, వ్యాధి వేరు. లోకము ఈ రెంటిని ఒకే మూటగా కట్టుచున్నది. కన్నులు లేనివానికి జ్వరము లేనపుడు అతడు ఆరోగ్యవంతుడే. జ్వరము వచ్చినపుడు అతడు రోగి. అది కన్నులు లేనందువలన కాదు, జ్వరము వలన.

ఈ తారతమ్యము భగవద్రామానుజుల శ్రీభాష్యములో ఒకచోట సూక్ష్మముగా గోచరించును. జగత్తు అంతయు పరమాత్మకు శరీరమని చెప్పు సందర్భమున, అసలు శరీరమనగా నేమి అను ప్రశ్న వచ్చినది. చేతులు కాళ్ళు ఉండుట శరీర లక్షణమని వారనలేదు. ఏ ద్రవ్యమును ఒక చేతనుడు తన ప్రయోజనము కొరకు ధరింపను, నియమింపను సమర్థుడో, ఏది ఆ చేతనునికే శేషమై యుండునో అది అతనికి శరీరమని నిర్వచించిరి. దీనిమీద సహజముగా ఒక ఆక్షేపణ లేచును. పక్షవాతము వచ్చినవాని చేయి అతడు చెప్పినట్లు వినదు గదా, మరి అది అతని శరీరము కాకుండ పోవునా? ఆచార్యులు దీనిని దాటవేయలేదు. నియమించు శక్తి ఆత్మకు ఉండనే ఉన్నది, ప్రతిబంధకము చేత అది వ్యక్తము కాకున్నది, అగ్నికి వేడిమి ఉండియు అడ్డు వచ్చినపుడు కనబడకుండుట వంటిదే ఇది అని సమాధానము చెప్పిరి. రెండు వాక్యములలో ముగిసిన సమాధానమిది. పండితులు దీనిని తర్కములో ఒక మెట్టుగా చదివి సాగిపోవుదురు. కాని మంచము పట్టిన మనిషికి దీని అర్థము వేరు. కదలని చేయి అతని చేయియే, అతని కర్తృత్వము క్షీణింపలేదు. అడ్డు తొలగించుట వైద్యుని పని, ఇరుగుపొరుగువారి పని, మెట్ల ప్రక్కన వాలుదారి కట్టింపవలసినవారి పని. ఆత్మలో బాగుచేయవలసినది ఏమియు లేదు.

శ్రీభాష్యమునకు లేఖకులు కూరేశులని సంప్రదాయము. పక్షవాతము పొందిన దేహమును గూర్చిన ఆ వాక్యమును తాళపత్రముమీద వ్రాసిన చేయి కూరత్తాళ్వానుదే. అట్టి లేఖకునికి పిమ్మట కన్నులు పోయినవి. ఆచార్యుల కాషాయము తాను ధరించి, పెరియనంబితో చోళరాజు సభకు వెళ్ళి, అక్కడ దృష్టిని కోల్పోయి తిరిగివచ్చిన కథ శ్రీవైష్ణవులకు తెలిసినదే. అందరు వినని భాగమొకటి ఉన్నది. రామానుజులు శ్రీరంగమునకు తిరిగివచ్చిన పిదప, కంచి వరదుని స్తుతించి కన్నులు వేడుమని కూరేశులను ఆజ్ఞాపించిరి. కూరేశులు వరదరాజస్తవము చేసిరి, స్వామి ప్రసన్నుడయ్యెను. అపుడు వారు కోరినది కన్నులు కాదు, తమను రాజునకు పట్టియిచ్చిన నాలూరానుకు మోక్షము. తామేమి కోల్పోయిరో వారికి తెలియక కాదు. గ్రంథము చదువుటయే, వ్రాయుటయే ప్రాణముగా బ్రతికినవారు. అయినను ఆనాటికి అంధత్వము వారిలో ఒక రోగముగా మిగులలేదు. వారు దానిలో స్థిరపడిరి. వారిని 'క్షేమమా?' అని ఎవరైన అడిగియుండినచో 'క్షేమము' అనియే చెప్పియుందురు, అది నమ్మదగిన మాట.

ఇచట ఒక ప్రమాదము పొంచియున్నది. కూరేశుల నిష్ఠ కూరేశులది. దానిని కొలబద్దగా తీసికొని మరియొకరి దేహమును కొలుచుట అన్యాయము. పొరలు కమ్మిన కన్నులకు కొద్ది నిమిషముల శస్త్రచికిత్సతో చూపు తిరిగివచ్చు కాలమిది. అట్టి వృద్ధురాలితో 'పెద్దవారు కన్నులు కోరలేదు, నీకు మాత్రమెందుకు, కృష్ణా రామా అనుకొనుము' అని చెప్పు కుమారుడు భక్తుడు కాడు, పిసినారి. ఆమె కూడ కొడుకు ముఖము చూచి 'నాకేమి నాయనా, బాగానే ఉన్నాను' అనును. ఆ 'బాగానే' అను మాటలో స్వస్థత లేదు. ఎవరి సంతృప్తి వలన మరియొకరికి ఖర్చు తప్పుచున్నదో, ఆ సంతృప్తిని మరల ఒకసారి విచారింపవలెను. అట్లే 'పూర్వజన్మ పాపము' అనుమాటను వికలాంగుని ముఖముమీద విసరువారు కూరేశుల కథను ఏమని చదువుదురో తెలియదు. ఆ కన్నులు ఆచార్యుని కాపాడుట వలన పోయినవి.

వైకల్యము వ్యాధి కాదనుట ఒక మెట్టు మాత్రమే. వైకల్యమున్న దేహమునకు వ్యాధి వచ్చినపుడు ఏమగును? చాలమంది దీనిని కూడికగా భావింతురు: ఒక కష్టముండగా మరియొకటి చేరినది, రెండింతలైనది. అనుభవము అట్లు లేదు. ఊతకఱ్ఱలతో నడచువానికి భుజమున నొప్పి వచ్చినదనుకొందము. నడువగలవానికి భుజపు నొప్పి ఒక నలత. కఱ్ఱలవానికి అది కాళ్ళు రెండవమారు పోయినట్లు. చుక్కల లిపిని వ్రేళ్ళతో తడవి చదువువానికి మధుమేహము వలన వ్రేళ్ళ కొనలు తిమ్మిరెక్కినచో, అతడు రెండవసారి చూపు కోల్పోయినాడు. వినికిడి లేక, ఎదుటివారి పెదవుల కదలికను చూచి మాట గ్రహించు స్త్రీకి కంటిలో పొర వచ్చినపుడు మసకబారినది దృశ్యము మాత్రమే కాదు, సంభాషణ. ఆమె కష్టపడి నిర్మించుకొన్న వంతెన కూలినది. వైద్యుని చీటీలో ఇవన్నియు చిన్న జబ్బులే.

ఇందుకు విరుద్ధముగాను జరుగును. పదిహేనేండ్లుగా ఒకరి సహాయముతో లేచి కూర్చుండుటకు అలవాటుపడినవానిని పదిదినముల జ్వరము అంతగా కలవరపెట్టదు. సహాయము అడుగుట అతనికి అవమానముగా తోచదు, ఇంటివారికి పద్ధతి తెలియును, మందు వేళలు తెలియును. అదే జ్వరము ఏనాడు ఒకరిచేత నీళ్ళు తెప్పించుకొనని యజమానిని తలక్రిందులు చేయును. లోకమంతయు ముగిసినట్లు అతడు మూలుగును. వ్యాధి ఒక్కటియే, అది కూర్చుండిన చోటు వేరు. కనుకనే 'వ్యాధి ఎంత పెద్దది?' అను ప్రశ్నకంటె 'అది వచ్చిన తరువాత ఏ పని ఆగిపోయినది?' అను ప్రశ్న సత్యమునకు దగ్గరగా నుండును. వృద్ధులు తమ ఆరోగ్యము బాగుగా లేదనుటకు చాలసార్లు జబ్బు పేరు కారణము కాదు; గుడికి వెళ్ళలేకపోవుట, తులసికి నీరు పోయలేకపోవుట, తమ వస్త్రము తామే ఉతుకుకొనలేకపోవుట కారణము.

ఆసుపత్రులలో మరియొక పొరపాటు తరచుగా జరుగుచున్నది. కడుపునొప్పితో వచ్చిన వికలాంగుని చూచి వైద్యుని దృష్టి ముందు కాలిమీద పడును. కొత్త బాధ పాత వైకల్యము క్రింద కప్పబడిపోవును. ఇక ప్రశ్నలన్నియు వెంట వచ్చినవానికే. 'ఈయనకు ఆకలి వేయునా? నిద్ర పట్టునా?' అని ఎదుట కూర్చున్న మనిషిని వదలి అతని తమ్ముని అడుగుదురు. ఆరోగ్యమును గూర్చి ఎవని మాట అన్నిటికంటె విలువైనదని పరిశోధనలు చెప్పుచున్నవో, అతనినే ఎవ్వరూ అడుగుట లేదు.

వ్యాధి పోయి వైకల్యము మిగులుట ఎట్లుండునో కుష్ఠువు చెప్పును. 1980ల నుండి బహుళ ఔషధ చికిత్స వలన ఆ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. సూక్ష్మక్రిమి నశించును, అంటుట ఉండదు. వంకరపోయిన వ్రేళ్ళు మాత్రము కొందరికి అట్లే మిగులును. ఆ వ్రేళ్ళను చూచి లోకము అతనిని జీవితాంతము రోగియనియే పిలుచును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 రకముల వైకల్యములలో 'కుష్ఠువు నయమైనవారు' అని ప్రత్యేకముగా చేర్చినది. కుష్ఠువును విడాకులకు కారణముగా చూపు నిబంధనలు 2019లో గాని తొలగలేదు. చట్టము సైతము ఈ తారతమ్యమును గ్రహించుటకు ఇంత కాలము పట్టినది.

శ్రీకాకుళము చెంతనున్న శ్రీకూర్మములో జరిగినదిగా చైతన్యచరితామృతము చెప్పు వృత్తాంతమొకటి ఇచట గుర్తుకు వచ్చును. చైతన్యమహాప్రభువు దక్షిణయాత్రలో ఆ క్షేత్రమునకు వచ్చినపుడు, వాసుదేవుడను బ్రాహ్మణుడు కుష్ఠుపీడితుడై యుండెను. వ్రణము నుండి క్రిములు జారిపడినచో వానిని తీసి మరల యథాస్థానమున ఉంచెడివాడట. మహాప్రభువు అతనిని కౌగిలించుకొనెను, వ్యాధి తొలగెను. తొలగిన పిమ్మట వాసుదేవుడు పలికిన మాటలే వినదగినవి. తన దుర్గంధమునకు జనులు పారిపోయెడివారనియు, ప్రభువు తాకెననియు చెప్పి, ఇక దేహము బాగుపడినందున తనకు గర్వము కలుగునేమో యని భయపడెను. అతని మాటలలో నొప్పి లేదు. జనుల పరుగు ఉన్నది, ఆ తాకుట ఉన్నది. రోగముండగా స్వస్థుడై, రోగము పోగా అస్వస్థతకు జంకిన మనిషి అతడు.

కొండ ఎక్కుట విషయమున యాత్రికుల మనస్సులలో ఇట్టి కలత తరచు కనబడును. అలిపిరి నుండి 3,550 మెట్లు కాలినడకన ఎక్కినదియే యాత్ర యనియు, బస్సులో వెళ్ళినది సగము పుణ్యమనియు తలచువారున్నారు. మోకాళ్ళు అరిగిన వృద్ధులు, పోలియో సోకిన యువకులు దీనివలన తమను తాము తక్కువగా ఎంచుకొందురు. అయితే ఆ కొండమీద పాదము మోపుటకే జంకి రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము. కులశేఖరాళ్వారు ఆ కొండపై పక్షిగానో, చేపగానో, తుదకు స్వామి వాకిట మెట్టుగానో పడియుండవలెనని కోరిరి. మెట్టునకు కాళ్ళు లేవు. అది ఎన్నడు ఎక్కదు, దిగదు, స్వామి ఎదుట ఉండును. గర్భగృహపు గడపకు నేటికిని కులశేఖరపడి యనియే పేరు.

మరి భక్తుడు ఆరోగ్యమును కోరరాదా? కూరేశుల కథను మాత్రమే చదివినవారికి కోరరాదనిపించును. వారి ప్రక్కన మేల్పుత్తూరు నారాయణ భట్టతిరిని నిలిపి చూడవలెను. గురువైన అచ్యుత పిషారటి వాతరోగమును తాను స్వీకరించెనని ఐతిహ్యము. కదలలేని దేహముతో గురువాయూరు చేరి, స్వామి సన్నిధిని నారాయణీయమును రచించెను. 100 దశకములు, 1036 శ్లోకములు. భాగవత కథ అంతయు సాగుచుండగా ఇంచుమించు ప్రతి దశకము చివరను 'ఈ బాధనుండి కాపాడుము' అని అడుగుచునే యున్నాడు. సృష్టి వర్ణన అయినది, కాపాడుము. గోవర్ధనము ఎత్తినాడు, కాపాడుము. సిగ్గుపడలేదు, కోరిక అల్పమని వెనుదీయలేదు. కూరేశుల అంధత్వము నిలుకడ చెందిన స్థితి. భట్టతిరి వాతము ప్రతిరాత్రి కొత్తగా వచ్చు పోటు. స్థిరపడినవానిని కోరలేదేమని అడుగుట తగదు, పోటు పడుచున్నవానిని కోరితివేమని అడుగుటయు తగదు. నూరవ దశకమున స్వామి ఆపాదమస్తకము కనబడెను. ఆ గ్రంథము ముగిసిన మాట ఆయురారోగ్యసౌఖ్యము. దాని అక్షరములను కటపయాది పద్ధతిని లెక్కించినచో 1712210 వచ్చును. కలియుగారంభము నుండి, కొల్లము శకము 762లో ఆ రచన పూర్తియైన నాటివరకు గడచిన దినముల సంఖ్య అది.